ట్రై చేస్తనే అక్కా

మా చంద్రపూర్‌లో "కాదు" అనే మాట ఎవరి నోట్లోనూ లేదు. ఎండకి ఆవిరైపోయిందో, బొగ్గు పొడికి గొంతులోనే అడ్డం పడిందో నాకు తెలియదు. ఎవరినైనా ఏదైనా అడిగి చూడండి. నల్లా బాగుచేసే మనిషిని రేపు వస్తావా అంటే "ట్రాయ్ కర్తో తాయి" అంటాడు. పాలవాడిని నీళ్లు కాస్త తక్కువ కలపమంటే ఒకప్పుడు "కోశిశ్ కర్తా" అనేవాడు. ఇప్పుడు వాడూ నాగరికుడయ్యాడు, "ట్రై కర్తా భాబీ" అంటున్నాడు. మా ఆయన్ని ఆదివారం పూట అటక మీద సామాను దించమంటే ఫోన్లోంచి తల ఎత్తకుండా "ట్రై చేస్త" అంటాడు. ఆ అటక మీద ఏముందో నాకే గుర్తు లేదు, ఆయన ట్రై మాత్రం ఇప్పటికీ కొత్తదానిలాగే ఉంది.

ఒకే క్రియ మూడు భాషల్లో కాపురం చేస్తోంది. తెలుగులో దాని వెనకాల "చెయ్" తగిలిస్తాం, మరాఠీలో "కర్" తగిలిస్తారు, హిందీలో కుర్రాళ్లు "మార్" అంటారు. పని మాత్రం ఏ భాషలోనూ జరగదు. బట్టల దుకాణంలో "ఈ చీర ట్రై చెయ్యండి మేడం" అంటాడు. పోహా బండివాడు అటుకుల మీద ఎర్రటి పులుసు పోస్తూ "ఆజ్ తర్రీ ట్రై కరో" అంటాడు. ఆ ట్రైలు నయం, ఒంటి మీదకో కడుపులోకో చేరతాయి. మనుషులు ఒకరికొకరు ఇచ్చుకునే ట్రై ఉంది చూశారూ, అది ఎక్కడికీ చేరదు.

ఈ విషయం మీద మాట్లాడే అధికారం నాకుంది. గనుల కాలనీలో మా క్వార్టర్ ముందు గదిలో మధ్యాహ్నాలు స్పోకెన్ ఇంగ్లీష్ చెబుతాను. వచ్చేవాళ్లంతా కాలనీ ఆడవాళ్లే. సగం మంది మనవాళ్లు, బొగ్గు బావుల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే పాతుకుపోయిన కుటుంబాలవాళ్లు, మిగతా సగం మరాఠీవాళ్లు. పిల్లల బడిలో టీచరు ఇంగ్లీషులో తిడితే కనీసం ఏం తిట్టిందో తెలుసుకోవాలని వస్తారు. నల్లబల్ల కూడా ఉంది, దాని వెనక మా ఆయన హెల్మెట్ వేలాడుతుంటుంది.

ట్రై అనే క్రియకి నేను ఒక పూట ప్రత్యేకంగా కేటాయిస్తాను. పుస్తకంలో ఉన్న అర్థం పుస్తకంలో ఉంది, అది ఎలాగూ చదువుకుంటారు. నేను మా ఊరి అర్థం చెబుతాను. "ఐ విల్ ట్రై" అంటే చెయ్యను. "ఐ యామ్ ట్రయింగ్" అంటే ఇంకా మొదలే పెట్టలేదు. "ఐ ట్రైడ్" అంటే మర్చిపోయాను. ఇలా చెప్పేసరికి గది గదంతా ఘొల్లుమంటుంది. తలా ఒక వాక్యం కట్టండి అన్నానో, ఇక మొగుళ్ల బతుకులు బయటపడతాయి. ఒకావిడ లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఎంతో మర్యాదగా "మై హస్బెండ్ హ్యాజ్ బీన్ ట్రయింగ్ టు స్టాప్ ఖర్రా సిన్స్ మై మ్యారేజ్" అంది. ఖర్రా అంటే పొగాకూ వక్కా సున్నం కలిపి ప్లాస్టిక్ కాగితంలో నలిపి ఇస్తారు, మా జిల్లాలో మగవాళ్లకి అది అన్నం తర్వాత అన్నం. ఆవిడ పెద్ద కూతురికి పెళ్లి సంబంధాలు చూస్తున్నారప్పుడు. వాక్యంలో ఒక్క తప్పూ లేదు, నేను మార్కులు కూడా వేశాను.

మనవాళ్లు "కాదు" అనకపోవడం మర్యాదట. మొహం మీద కాదంటే ఎదుటివాళ్ల మనసు నొచ్చుకుంటుందట. అందుకని ట్రై అని ఒక పీట వేసి కూర్చోబెడతారు. కూర్చున్నవాళ్లు లేచి పోలేరు, వడ్డన రాదు. అబ్బ, ఎంత మర్యాదండీ! నాకైతే ఆ మర్యాద చూస్తే ఒళ్లు మండిపోతుంది.

ఆ పీట మీద నేనూ కూర్చున్నాను. వేసింది నా సొంత తమ్ముడు.

మా పుట్టిల్లు రాజురా అవతల, తెలంగాణ సరిహద్దు పల్లె. మా తాతల నాటి నుంచీ అక్కడ పత్తి పండించుకునే తెలుగు కుటుంబం. నేను చిన్నప్పుడు అమ్మమ్మ దగ్గర ఆసిఫాబాద్ వైపు ఉండి తెలుగు బడిలో చదివాను కాబట్టి ఇలా నాలుగు ముక్కలు రాయగలుగుతున్నాను. తమ్ముడిది మరాఠీ బడి. తెలుగు గలగలా మాట్లాడతాడు, చదవమంటే బస్సు మీద బోర్డు కూడా చదవలేడు. ఇది వాడి కంట పడ్డా ఫరవాలేదన్న ధైర్యంతోనే రాస్తున్నాను. అమ్మ పోయాక, పత్తి మీద ఏమీ మిగలడం లేదని వాడు ఊరి ఇంటికి తాళం పెట్టి ఉప్పర్వాహిలో ఒక కిరాయి గదికి మారాడు. అక్కడ సిమెంటు ప్లాంటులో ఒక ఠేకేదారు కింద, అంటే కాంట్రాక్టు మీద, పనికి కుదిరాడు.

ఇక ఒడిబియ్యం సంగతి. మా వైపు ఆడపిల్లకి పెళ్లయ్యాక పుట్టింటివాళ్లు అప్పుడప్పుడు పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం దోసిళ్లతో ఒళ్లో పోస్తారు. దాంతోపాటు ఎండుకొబ్బరి కుడుకలు, పసుపు కొమ్ములు, ఖర్జూరాలు, రవికె గుడ్డ, చీర. బేసి ఏళ్లలోనే పోయాలి, సరి ఏడాదిలో పోయరు. మా ఇళ్లలో ఉగాదికి ఆ లెక్క మారిపోతుంది. అమ్మ ఉన్నప్పుడు ఒక్క బేసి ఏడూ తప్పించలేదు. అమ్మ పోయాక పోయాల్సింది తమ్ముడూ మరదలూ. అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకోటుంది, ఆడపిల్ల నోరు తెరిచి అడగకూడదు. పిలవాలి. పిలిస్తేనే వెళ్లాలి.

నాకేం బియ్యం కరువా? మా ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి. చీరలు కూడా బీరువా తలుపు పడనన్ని ఉన్నాయి. నాకు కావాల్సింది ఆ పిలుపు. అమ్మ లేదు, ఊళ్లో ఇంటికి తాళం. ఆ పిలుపు కూడా రాకపోతే నేను ఎక్కడి నుంచి వచ్చానో ఎవరికీ గుర్తు లేనట్టే. ఇంగ్లీషులో దీన్ని ఏమంటారో నాకు తెలియదు.

శ్రావణంలో తమ్ముడే ఫోన్ చేశాడు. వానల గురించి, నా మోకాళ్ల గురించి మాట్లాడాడు. చివర్లో వాడే ఎత్తాడు.

"అక్కా, ఈ ఏడు నీకు ఒడిబియ్యం పొయ్యాలె గదా. యాదికున్నది. ట్రై చేస్తనే అక్కా."

ఆ క్రియ తప్ప ఇంకే క్రియ వాడినా బాగుండేది. "పోస్త" అనొచ్చు, "పొయ్యలేను" అనొచ్చు. రోజూ నల్లబల్ల మీద రాసి నవ్వించే మాట నా చెవిలోకే వచ్చి పడింది. "సరే తియ్, నీకు వీలున్నప్పుడే" అన్నాను. నేనూ ఈ ఊరిదాన్నే కదా, నాకూ మర్యాద ఉంది.

కార్తీకంలో మళ్లీ చేశాడు. "ఈ నెల గాలేదక్కా. ట్రై చేస్తున్ననే" అన్నాడు. విల్ నుంచి యామ్ లోకి వచ్చాడు, వ్యాకరణపరంగా ప్రగతి. మాఘంలో ఇంకోసారి చేశాడు. ఈసారి గొంతు బొంగురుగా ఉంది. జలుబా అంటే ఔనన్నాడు. "మస్తు ట్రై చేసిన అక్కా, ఇంక జర ఆగు" అన్నాడు. ట్రైడ్ కూడా అయిపోయింది. నా పాఠంలో దాని తర్వాత ఇంకేమీ లేదు.

మా అత్తమ్మ ఇదంతా గమనిస్తూనే ఉంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, ట్రై మాత్రం వచ్చు. పక్కింటావిడ తన పుట్టింటి నుంచి ఒడి నింపుకుని వచ్చి, ఆ బియ్యం వండి కాలనీ అంతటినీ భోజనానికి పిలిచింది. తిని వచ్చాక అత్తమ్మ గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ మొదలుపెట్టింది.

"వాళ్ల అన్నలు సన్నబియ్యం పోసిన్రట. పట్టుచీర పెట్టిన్రట. మరి మీ తమ్ముడేమాయె? ఇంక ట్రైలనే ఉన్నడా?"

"ఆ, ఉన్నడు" అన్నాను.

"ఎప్పుడు దిగుతడు అండ్లకెల్లి?"

పుండు మీద కారం చల్లడానికి కూడా కాస్త చదువుండాలి, మా అత్తమ్మకి అది పుట్టుకతోనే వచ్చింది. నేను గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడు చేసుకుంటూ తోముకున్నాను. లోపలి నుంచి మా ఆయన "ఏందే, గిన్నెలు సొట్టలు పోతయ్" అని అరిచాడు. పోనీ అనుకున్నాను.

ఫాల్గుణం వచ్చింది. మాకు ఉగాది, మరాఠీవాళ్లకి గుడీ పాడ్వా, రెండూ ఒకటే రోజు కాబట్టి కాలనీ అంతా సున్నాలు వేయడంలో, బూజులు దులపడంలో పడింది. ఎండ అప్పుడే నెత్తి మీద కూర్చుంది. ఆరేసిన తెల్లబట్టలు మధ్యాహ్నానికి బూడిద రంగు తేలడం మామూలే. నేను మాత్రం రోజూ కాలెండర్ ముందు నిలబడి పండగ వచ్చే చోటుని కళ్లతో కొలుస్తున్నాను. పండగ దాటిందా, సరి ఏడాది మొదలవుతుంది. ఇక ఆ ఏడాదంతా ఒడిబియ్యం మాటే ఉండదు.

మా అత్తమ్మ పుణ్యమా అని నా ఒడిబియ్యం సంగతి కాలనీకంతా తెలుసు. క్లాసులో ఖర్రా మొగుడి గురించి చెప్పినావిడ ఒకరోజు నా మొహం చూసి అడిగేసింది. "మేడం, మీరు మాకు డైరెక్ట్ క్వశ్చన్ అడగమని నేర్పిన్రు గదా. మీరెందుకు అడగరు?" అంది. ఇంత మంచి శిష్యురాలిని తయారుచేసినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. ఆడపిల్ల అడగకూడదు, నిజమే. కానీ తమ్ముణ్ణి అడగకూడదని ఉంది, మరదల్ని కడిగేయకూడదని ఎక్కడా లేదు. ఆ దారి కనిపించాక నా కాలు ఆగలేదు.

మా మరదలు కోర్పనా వైపు పిల్ల. మాట మొహం మీద కొట్టినట్టుంటుంది. ఆమె నోట్లో ట్రై లేదు, అయితే అవుతుందంటుంది, కాకపోతే "జమత్ నాయి వదినా" అని, అంటే కుదరదని, మరాఠీలో కోసేస్తుంది. పెళ్లయిన కొత్తలో నేను తెచ్చిన పచ్చడి తిని, ఉప్పెక్కువైందని అందరిముందూ అన్న ఘనురాలు. ఆ పచ్చడిలో ఉప్పు నిజంగానే ఎక్కువైంది, అది వేరే సంగతి. ఆమెకి ఫోన్ చేశాను.

"బాగున్నవా?" అన్నాను. అది మర్యాద. మర్యాద అక్కడితో అయిపోయింది. "మీ ఆయన శ్రావణం సంది ట్రై చేస్తుండట గదా. ఏడిదాంక వచ్చింది ట్రై?"

అవతల కాసేపు గిన్నెల చప్పుడు వినిపించింది, తర్వాత అదీ ఆగింది.

"వదినా, ఒక్క మాట జెప్త, కోపానికి రాకు. ఈ ఏడు గాదు. జమయ్యేటట్టు లేదు" అంది.

ఇక నేను పట్టుకోలేకపోయాను. "జమయ్యేటట్టు లేకపోతే లేదని చెప్పొచ్చు గదా! వానికి నోరు లేదా? ఏందమ్మా గీ ట్రై? నెలనెలకు ఫోన్ జేసి ట్రై, ట్రై అని నా పాణం తీస్తుండు! ఏం ట్రై చేస్తుండు అసలు? బియ్యం మొలిపిస్తుండా గదిల గూసోని?"

"పనికి ట్రై చేస్తుండు వదినా."

నాకు అర్థం కాలేదు. "ఏం పని? ప్లాంటుల ఉన్నది గదా పని?" అన్నాను.

"ఏడున్నది? ఠేకా ఒడిసింది. దసరాకు ముందే అందరిని ఆపేసిన్రు." మరదలి గొంతు మామూలుగా ఉండేంత గట్టిగా లేదు. "నీకు జెప్పద్దని ఒట్టేయించుకున్నడు. దినాం పొద్దుగాల డబ్బా కట్టిమ్మంటడు. డ్యూటీకి పోయినట్టే పోతడు. గేటుకాడ నిలవడతడు. ఠేకేదార్ల ఇండ్ల పొంటి తిరుగుతడు. బల్లార్‌పూర్ పోయి అడిగిండు. గోండ్‌పిప్రి దిక్కు రైస్ మిల్లులు ఉన్నయంటే గాడికి గూడ పోయిండు. గోనెసంచులు మోస్తనన్నడట, వయసోళ్లు గావాలన్నరట. మాపటికి ఇంటికొచ్చి డబ్బా కడిగి బోర్లిస్తడు. రొట్టె ఎట్లున్నదంటే మంచిగున్నదంటడు. మల్ల అక్కకు ఒడిబియ్యం పొయ్యాలె, అక్కకు ఒడిబియ్యం పొయ్యాలె, గిదొక్కటే పాట. మాఘంల అయితే ఏడ్సిండు వదినా. ఏడ్సి, మొకం కడుక్కొని, నీకు ఫోన్ జేసిండు."

జలుబా అని అడిగాను చూడండి ఆ రోజు, ఔనన్నాడు.

ఫోన్ పెట్టేసి నేను నల్లబల్ల ముందు కుర్చీలో కూలబడ్డాను. ఊరు ఊరంతా ఆ క్రియని కాళ్ల కింద వేసి తొక్కుతుంటే, దాన్ని దాని సొంత అర్థంలో వాడుతున్న మనిషి ఒక్కడే ఉన్నాడు, వాడు నా తమ్ముడు. విల్ ట్రై అన్న నెలలో నిజంగానే చెయ్యాలనుకున్నాడు. ట్రయింగ్ అన్న నెలలో నిజంగానే గేట్ల ముందు నిలబడి ఉన్నాడు. పుస్తకంలో ఉన్నట్టే, అక్షరం పొల్లుపోకుండా. ఆ మరాఠీ బడివాడికి వచ్చిన ఇంగ్లీషు నాకు రాలేదు. అప్పుడు ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. అత్తమ్మ వచ్చి చూసి, ఏమీ అడగకుండా నీళ్లగ్లాసు పెట్టి వెళ్లింది. ఆమెకి కూడా అప్పుడప్పుడు చదువు మరుపుకొస్తుంది.

కళ్లు తుడుచుకుని తమ్ముడికి ఫోన్ చేశాను.

"ఎల్లుండి గురువారం. మంచి దినం. నన్ను పిలువు" అన్నాను.

"అక్కా?"

"ఒడిబియ్యం పొయ్యనీకి పిలువురా. పిలువకుంటే నేను రావద్దు. పిలుస్తవా, లేదా?"

"అక్కా, గిప్పుడంటే ఇంట్ల..." అని ఆగిపోయాడు. అవతల లారీలు పోతున్న చప్పుడు. ఏ గేటు ముందున్నాడో. "చీర గూడ తేలేదు. సన్నబియ్యం గావాలె. జర ట్రై చేసి..."

"ట్రై వద్దు. ఇంట్ల ఏముంటే అదే పొయ్యి. పిలువు ముందుగాల."

ఇంకో లారీ పోయాక వాడి గొంతు వినిపించింది. "రా అక్కా. ఎల్లుండి రా. నేను పిలుస్తున్న."

ఇంట్లో చెప్పాను. ఒడిబియ్యం అంటే మామూలుగా భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. మా ఆయన "ఎల్లుండా? డ్యూటీ ఉన్నది. ట్రై చేస్త" అన్నాడు. ఆయన ట్రై ఏ జాతిదో నాకు తెలుసు కాబట్టి ఒక్కదాన్నే బస్సెక్కాను.

ఉప్పర్వాహిలో తమ్ముడు బస్సు దగ్గరే ఎదురు నిలబడ్డాడు. చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. మొహం మాత్రం చిక్కి సగమైంది. చూడగానే నవ్వాడు.

"లీవ్ పెట్టిన అక్కా ఇయ్యాల. సాహెబ్ ఇయ్యనన్నడు, అక్క వస్తుందని జెప్పి తీస్కున్న" అన్నాడు.

పాలవాడి నుంచి మొగుడి దాకా ఒక్కరిని వదలని నోరిది. నాకంతా తెలుసన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. "మంచి పని జేసినవ్" అన్నాను. మరదలు గుమ్మంలోంచి నా వంక చూసింది. నేను కళ్లతోనే చెప్పాను, ఏమీ అనలేదని. ఆమె తల దించుకుంది.

ఒక్క గది. కడిగి, ముగ్గేసి, మూలన గ్యాస్ పొయ్యి ముందు పాత చీర అడ్డం కట్టింది. గట్టు మీద టిఫిన్ డబ్బా బోర్లించి ఉంది, అటు చూడకుండా ఉండటానికి నేను చాలా కష్టపడ్డాను. చుట్టుపక్కల గదుల నుంచి ముత్తైదువలు వచ్చారు, ఇద్దరు మనవాళ్లు, మిగిలినవాళ్లు మరాఠీవాళ్లు. పీట మీద కూర్చున్నాను. పళ్లెంలో బియ్యం పసుపు కలిపి పచ్చగా మెరుస్తున్నాయి. రేషన్ బియ్యమని దోసిలి పడగానే ఒళ్లో తెలిసింది, లావుగా, బరువుగా, అక్కడక్కడా నూక. మరదలు వాటిని ముందురోజంతా కూర్చుని ఏరి ఉంటుంది, రాయన్నది తగల్లేదు. చీర పెట్టె అడుగు నుంచి తీసింది. ఆకుపచ్చ చీర, మడతల దగ్గర గీతలు పడి ఉన్నాయి. ఆమె పెళ్లిలో ఆమెకి పెట్టిన చీర అది. ఆ పెళ్లిలో నేనూ ఉన్నాను కదా, గుర్తుపట్టకుండా ఎలా ఉంటాను.

"ఉప్పెక్కువైతే చెప్పు వదినా" అంది మరదలు, కుడుక నా ఒళ్లో పెడుతూ, ఎవరికీ వినపడకుండా. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఒడి నిండాక ఆడపిల్ల అందులోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటి దేవుడి ముందు పెట్టాలి, ఆ ఇల్లు పచ్చగా ఉండాలని. నా పిడికిలి ఆ రోజు కాస్త పెద్దదైంది. ఐదు అయ్యాయి. ఇంకోటి పెట్టాను. ఇంకోటి కూడా. వాళ్లిద్దరికీ ఎన్ని పూటలకి వస్తాయో నా చేతికి తెలుస్తోంది.

"ఐదయినయ్ వదినా" అంది మరదలు.

"నాకు లెక్కలు రావు. ఇంగ్లీషే వచ్చు" అన్నాను.

తమ్ముడు వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు. "ఆపక్కా." వాడి గొంతులో అంతసేపూ లేని కోపం. "నేను పోసిన బియ్యం మల్ల నాకే పెట్టి పోతవా? ఏం, నీకు పొయ్యనీకి నాకు శాతగాదా?"

వాడు చెయ్యి వదల్లేదు. గదిలో అందరూ చూస్తున్నారు. పిడికిట్లో ఉన్న బియ్యాన్ని తిరిగి నా ఒళ్లోనే వేసుకున్నాను. "శాతయితది. శాతగాకేంది?" అన్నాను. మరదలు నా ఒళ్లో బియ్యం జారకుండా తువ్వాలుతో నడుముకి ముడివేసింది. వాడు కళ్లు తుడుచుకుని, "ఇల్లు చేరేదాంక కింద పెట్టద్దక్కా" అన్నాడు, అచ్చం అమ్మ చెప్పినట్టే.

సాయంత్రం బస్సు కిక్కిరిసి ఉంది. తమ్ముడు కిటికీలోంచి ఆకుపచ్చ చీర ఉన్న సంచి అందించాడు. "రేపు డ్యూటీ ఉన్నదా?" అని అడిగాను. "ఉన్నదక్కా, పొద్దుగాలనే" అన్నాడు. "జాగ్రత్తగ పోయిరా" అన్నాను. బస్సు కదిలింది. వాడు చాలాసేపు అక్కడే నిలబడ్డాడు, బొగ్గు లారీ అడ్డం వచ్చేదాకా కనపడ్డాడు.

కూర్చోవడానికి చోటు లేదు. మూట పొట్టకి అదుముకుని, ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని వేలాడుతున్నాను. రాజురా దాటి వర్ధా వంతెన మీదకి వచ్చేసరికి చెయ్యి పడిపోయేలా ఉంది. సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ, మరాఠీ మనిషి, తొమ్మిది గజాల చీర, నా నడుము వైపు చూసింది. తువ్వాలు సందులోంచి పసుపు బియ్యం రెండు గింజలు ఆవిడ మోకాలి మీద పడ్డాయి. ఆవిడ వాటిని ఏరి కళ్లకి అద్దుకుంది. వాళ్లకీ ఉంది ఈ ఆచారం, ఓటీ అంటారు.

"ఓటీ భర్లీ కా? మాహేర్చీ?" అంది. ఒడి నింపారా, పుట్టింటిదా అని.

"హో" అన్నాను.

ఆవిడ సీటు చివరికి జరిగి నాకు చోటిచ్చింది. నేను కూర్చున్నాక మళ్లీ అడిగింది, "కోణీ భర్లీ? ఆయీనీ?" ఎవరు నింపారు, అమ్మా?

అమ్మ లేదని చెప్పడానికి మరాఠీ మాటలు వెతుక్కున్నాను. రోజూ మాట్లాడే భాషే, ఒక్క మాటా దొరకలేదు. "మా తమ్ముడు పోసిండు" అన్నాను. తెలుగులోనే, గట్టిగా, పక్క సీట్లవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. ఆవిడకి తెలుగు రాదు. అర్థమైనట్టే తలూపి, గుంతలో బస్సు ఎగిరినప్పుడు నా ఒళ్లో మూట జారిపోకుండా తన చెయ్యి కూడా వేసి పట్టుకుంది.